హాజరు పట్టీలో లేని శుక్రవారం

నేను ముప్ఫై ఏళ్ళ ఆరు నెలలు డ్రిల్ టీచరుగా పనిచేశాను. 1968 జూన్ నుంచి 1991 మే దాకా తెనాలిలో ఆడపిల్లల హైస్కూల్లో, 1991 సెప్టెంబరు నుంచి 1999 మార్చి దాకా ఖతార్‌లో, దోహాలోని ఒక ఇండియన్ స్కూల్లో. ఇన్‌స్పెక్షన్ల సంగతులు, ఇంక్రిమెంట్ల సంగతులు ఇక్కడ రాయను. అవి ఏ ఆఫీసు గుమస్తాను అడిగినా చెబుతాడు.

పీఈటీ ఉద్యోగంలో కొత్తగా చేరిన మా వీధి అమ్మాయిలు ఇద్దరు కిందటి నెల వచ్చి, పిల్లల్ని అదుపులో పెట్టడం ఎలాగని అడిగారు. అదుపులో పెట్టడం నాకు మొదటి రోజు నుంచే చేతనయింది. నేర్పడం చేతకావడానికే చాలా కాలం పట్టింది. ఈ రెండింటికీ ఉన్న తేడా నాకు చూపించినవారు ఒక కొరియా మాస్టారు. ఆయన పద్ధతి వెనక ఎప్పుడో పదమూడు, పద్నాలుగు వందల ఏళ్ళ కిందటి యోధుల కథ ఉంది. రెండూ కలిపి చెబితేగాని ఆ అమ్మాయిల ప్రశ్నకు జవాబు కాదు.

కళ్ళు ఆయనవి, చేతులు నావి

1992 సెప్టెంబరులో మా స్కూల్లో తైక్వాండో క్లాసు పెట్టారు. నేర్పడానికి వచ్చినాయన్ని అందరూ మాస్టర్ హాన్ అనేవారు. 1978లో ఒక కొరియా కంపెనీలో వెల్డరుగా దోహా వచ్చి, ఇండస్ట్రియల్ ఏరియా క్యాంపులో ఆరేళ్ళున్నారు. తర్వాత ఆ పని మానేసి, చిన్నప్పుడు నేర్చుకున్న విద్యనే బతుకుతెరువు చేసుకున్నారు. క్యాంపులో పాకిస్తానీ మేస్త్రీల పక్క మంచాల మీద పడుకుని నేర్చుకున్న హిందీ ఆయనది. టీవీ చూసి నేర్చుకున్న హిందీ నాది. ఆయనదే మెరుగు. మేమిద్దరం మాట్లాడుకున్నది ఆ హిందీలోనే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

ఆడపిల్లల క్లాసుకు ప్రిన్సిపాల్ ఒక షరతు పెట్టారు. మాస్టరు పిల్లల్ని ముట్టుకోకూడదు, హాల్లో ఎప్పుడూ ఒక లేడీ టీచరు ఉండాలి. “మీరేమీ చెయ్యక్కర్లేదు, కుర్చీ వేసుకుని కూర్చుంటే చాలు” అన్నారు నాతో. ఆయన మంచి ప్రిన్సిపాలే. కానీ మిగతావాళ్ళంతా చెమటలు కక్కుతుంటే కుర్చీలో కూర్చున్న టీచరు పిల్లలకు ఏం నేర్పుతుందో ఆయన ఆలోచించలేదు.

రెండో వారానికే మాకొక పద్ధతి కుదిరింది. మాస్టరు ఆరడుగుల దూరంలో నిలబడి సన్నటి బెత్తంతో గాలిలోనే చూపించేవారు. ఈ పిల్ల మోకాలు ఇంకా వంగాలి, ఆ పిల్ల మడమ లేస్తోంది, ముందు నడుము తిరగాలి, తర్వాతే భుజం. నేను వెళ్ళి ఆ మోకాలు వంచేదాన్ని, ఆ మడమ అదిమేదాన్ని. ఆ బెత్తం ఆయన చేతిలో ఉన్నన్నాళ్ళూ ఒక్క పిల్లకు తగలగా నేను చూడలేదు. తెనాలిలో నా బెత్తం గురించి అంత మాట చెప్పలేను.

మొదటి సంవత్సరమే జరిగిన సంగతి ఒకటి. నలుగురు పిల్లలు పన్నెండు నిమిషాలు ఆలస్యంగా వచ్చారు. నేను అలవాటు ప్రకారం హాలు చుట్టూ పది రౌండ్లు పరిగెత్తమన్నాను. మాస్టరు బెత్తం గోడకు ఆనించి, పదండి అని అరబ్బీలో “యల్లా” అంటూ తను కూడా వాళ్ళతో పరుగు అందుకున్నారు. అప్పటికి ఆయనకు నలభై ఎనిమిదేళ్ళు. పది రౌండ్లూ పూర్తి చేసి వచ్చి, రొప్పుతూ నాతో ఒకే మాట అన్నారు. “నలుగురు ఒకేసారి ఆలస్యమైతే, నేర్పేవాడి మీద వాళ్ళకు గురి కుదరలేదన్నమాట.” ఆ తర్వాత పరుగును శిక్షగా నేను ఎవరికీ వెయ్యలేదు.

హ్వరాంగ్

నెలకొకసారి, చివరి మంగళవారం, క్లాసు అయిపోయే ముందు పావుగంట సేపు పిల్లల్ని నేలమీద కూర్చోబెట్టి హ్వరాంగ్ గురించి చెప్పేవారు. ఆయన హిందీలో చెబితే నేను ఇంగ్లిషులో అందించేదాన్ని.

పూర్వం కొరియాలో మూడు రాజ్యాలు ఉండేవి. వాటిలో సిల్లా మొదట్లో మిగతా రెంటికన్నా బలహీనమైనది. ఆ రాజ్యంలో పెద్ద కుటుంబాల కుర్రవాళ్ళను ఏరి తయారుచేసిన దళమే హ్వరాంగ్. పువ్వుల్లాంటి యువకులు అని ఆ పేరుకు అర్థమట. విలువిద్య, కత్తి, బల్లెం, గుర్రపు స్వారీ అన్నీ నేర్చుకునేవారు. అది ఏ దేశపు సైనికుడికైనా ఉన్నదే. నన్ను ఆకట్టుకున్నది మిగతా సగం. వాళ్ళు కొండల మీదా నదుల వెంటా గుంపుగా తిరిగేవారట. పాటలు పాడేవారట, సంగీతం నేర్చుకునేవారట. ఎవడు ఎలాంటివాడో ఆ నడకలోనే బయటపడేదట. అలా తేలిన మంచివాళ్ళ పేర్లే రాజుగారి కొలువుకు వెళ్ళేవట.

ఇద్దరు కుర్రవాళ్ళు ఒక బౌద్ధ భిక్షువు దగ్గరికి వెళ్ళి, జీవితమంతా పాటించడానికి ఏమైనా చెప్పమని అడిగారు. సన్యాసుల నియమాలు మీవల్ల కావు, మీరు లోకంలో ఉండేవాళ్ళు అని ఆయన వాళ్ళకు ఐదు చెప్పాడు. రాజు పట్ల విధేయత. తల్లిదండ్రుల పట్ల భక్తి. స్నేహితుల మధ్య నమ్మకం. యుద్ధంలో వెనుదిరగకపోవడం. ప్రాణం తీసేటప్పుడు వివేకం. ఐదోది కుర్రవాళ్ళకు అర్థం కాలేదు. భిక్షువు వివరించాడు. వసంతంలో, వేసవిలో చంపకూడదు. గుర్రాన్నీ ఆవునీ కోడినీ కుక్కనీ చంపకూడదు. నోటినిండా ముద్దకు కూడా రాని చిన్న ప్రాణిని చంపకూడదు. చేతికి కత్తి ఇచ్చేటప్పుడే ఈ లెక్కలన్నీ కూడా ఇచ్చిన దేశం మీద నాకు గౌరవం కలిగింది.

పదహారేళ్ళ హ్వరాంగ్ కుర్రవాడి కథ కూడా చెప్పేవారు. ఒంటరిగా శత్రుసేన మీదికి దూకి పట్టుబడ్డాడు. శత్రు సేనాపతి వాడి శిరస్త్రాణం ఎత్తి చూసి, పసివాడని వదిలేశాడు. వాడు తిరిగి వచ్చి, బావి నీళ్ళు దోసిట్లో పట్టుకుని తాగి, మళ్ళీ వెళ్ళి చనిపోయాడు. పిల్లలు కళ్ళప్పగించి వినేవారు. నేను మాత్రం శిరస్త్రాణం ఎత్తి చూసిన ఆ సేనాపతినే ఎక్కువ మెచ్చుకున్నాను. ఆ మాట మాస్టరుతో అంటే, “ఆయనకు ఐదో నియమం ఎవరూ నేర్పకుండానే తెలుసు” అన్నారు.

నిజం దాచకూడదు గనుక ఇంకొక మాట. నేటి తైక్వాండో ఇరవయ్యో శతాబ్దంలో కూర్చిన విద్య. నేరుగా హ్వరాంగ్ నుంచే వచ్చిందనడానికి గట్టి ఆధారాలు లేవని తర్వాత చదివాను. అయినా ఆ విద్యలో ఇరవై తొమ్మిది కదలికల వరస ఒకదానికి వాళ్ళ పేరు పెట్టుకున్నారు. పేరు పెట్టుకున్నాక ఆ పేరుకు తగ్గట్టు ఉండాలని మాస్టర్ హాన్ ఉద్దేశం.

డిసెంబరు 8

1995 డిసెంబరు 8, శుక్రవారం. సెలవు రోజు. మాస్టరు పద్నాలుగు మంది ఆడపిల్లల్ని దోహాకు దక్షిణాన సముద్రం ఒడ్డుకు తీసుకువెళదామన్నారు. ఉదయం ఏడింటికి స్కూలు బస్సు అబూ హమూర్‌లో పిల్లల్ని ఎక్కించుకుని అల్ తుమామాలో మా ఇంటి ముందు ఆగింది. డ్రైవరు ఓబులేసు రాయచోటి మనిషి. నేను ఎక్కగానే, “ఏం మేడమ్, శుక్రవారం గూడా పిలకాయల్ని పండుకోనియ్యరా?” అన్నాడు. నన్నే పడుకోనివ్వలేదు నాయనా అన్నాను.

ఆ రోజు ఉత్తరపు గాలి గట్టిగా ఉంది. మాస్టరు ఒక్క తన్ను కూడా తన్నించలేదు, ఒక్క గుద్దు కూడా గుద్దించలేదు. పిల్లల్ని తడి ఇసుక మీద వరసగా గంటసేపు నడిపించారు. అందరికన్నా బలమైన పిల్లను వరస చివర పెట్టి, అందరికన్నా చిన్నపిల్ల సంచి ఆమె చేతికిచ్చారు. తర్వాత మోకాళ్ళ లోతు నీళ్ళలో చెయ్యీ చెయ్యీ పట్టించి, అలలకు ఎదురుగా నిలబెట్టారు. తర్వాత ఇసుకలో కూర్చోబెట్టి ఎవరి భాషలో వాళ్ళను పాడమన్నారు. మలయాళం, ఉర్దూ, తమిళం, తెలుగు. ఓబులేసు చేత కూడా పాడించారు. వాడు సిగ్గుపడి, సముద్రం వైపు తిరిగి పాడాడు. “మీరూ ఒకటి ఎత్తుకోండి మేడమ్, నేనొక్కన్నే పాడితే నా పరువేం గావాల” అన్నాడు. నాకు డ్యూటీ ఉందన్నాను.

నా డ్యూటీ తలలు లెక్కపెట్టడం. ప్రతి పది నిమిషాలకూ పద్నాలుగు. ఆ సాయంత్రం, నేను రాసే హాజరు రిజిస్టరు వెనక పేజీలో ఇలా రాసుకున్నాను: పిక్నిక్. 14 మంది. నీళ్ళ సీసాలు 30, తిరిగి వచ్చినవి 27. దెబ్బలు లేవు.

నలభై తొమ్మిది

బ్లాక్ బెల్టు పరీక్ష ఏడాదికొకసారే. కొరియా నుంచి ఒక పెద్దాయన మే నెలలో వచ్చి పెట్టేవారు. ఆ ఏడాది తరగతుల్లో కనీసం యాభైకి హాజరైన వాళ్ళనే కూర్చోనివ్వాలని ఆయన నియమం. 1995 సెప్టెంబరు 9 నుంచి 1996 మే 7 దాకా శని, మంగళవారాలు మొత్తం డెబ్బై. రంజాన్ నెలలో ఎనిమిది, రెండు ఈద్‌లకు నాలుగు తీసేస్తే జరిగిన క్లాసులు యాభై ఎనిమిది.

పరీక్షకు తయారైన పిల్లలు ఐదుగురు. అందులో మంజుల మొదటి రోజు నుంచీ ఉన్న పిల్ల. వాళ్ళ నాన్న ఇంజనీరు, కరీంనగర్ వాళ్ళు. ఆయన కంపెనీ పని ముగిసింది. మే 23న కుటుంబమంతా దోహా వదిలి హైదరాబాదు వెళ్ళిపోతోంది. అంటే ఈసారి కూర్చోకపోతే నాలుగేళ్ళ కష్టానికి బెల్టు ఉండదు. జ్వరం వచ్చి మూడు, పన్నెండో తరగతి పరీక్షలకు ఆరు మానేసింది. యాభై ఎనిమిదిలో తొమ్మిది పోతే నలభై తొమ్మిది.

పరీక్షకు కూర్చునేవాళ్ళ లిస్టు నేను రాసే రోజు ఆ పిల్ల నా దగ్గరికి వచ్చింది. “మేడం, మనం సముద్రం కాడికి పోయినం గదా, ఆ రోజు లెక్కల ఉన్నదా?” అని అడిగింది. అది పిక్నిక్, క్లాసు కాదన్నాను. సరే మేడం అని వెళ్ళిపోయింది. వాదించలేదు. పెద్దవాళ్ళ మాటకు ఎదురు చెప్పకూడదని నేర్పింది మేమే.

మర్నాడు వాళ్ళమ్మ వచ్చింది. “ఒక్కటే గదా మేడం తక్కువ. మేం పొయ్యేటోళ్ళం, మళ్ళ వచ్చేది లేదు. పిల్ల నిన్నటి సంది అన్నం సరిగ తింటలేదు.”

“ఒకటైనా తక్కువ తక్కువేనమ్మా. నేను ఇవాళ ఒకటి వదిలేస్తే రేపు ఐదు వదలమంటారు.”

“మీ లెక్క ఎన్నడు తప్పలేదా మేడం?”

“తప్పలేదు” అన్నాను.

“గట్లనే ఉంటది తియ్యుండ్రి” అని ఆమె లేచింది.

నలుగురి పేర్లతో లిస్టు మాస్టరుకు ఇచ్చాను. రిజిస్టరు విషయంలో ఆయన నన్ను ఎప్పుడూ తనిఖీ చెయ్యలేదు. చదవకుండానే సంతకం పెట్టారు.

మే 10

పరీక్ష శుక్రవారం ఉదయం ఎనిమిదింటికి, స్కూలు హాల్లో. పెద్దాయన డెబ్బై దాటిన మనిషి. మాస్టర్ హాన్‌కు గురువు. కుర్చీల్లో నలభై మంది దాకా తల్లిదండ్రులు. మంజుల కూడా వచ్చింది. ఇస్త్రీ చేసిన తెల్ల యూనిఫాం, ఎర్ర బెల్టు. స్నేహితురాళ్ళు విరగ్గొట్టే చెక్కలు పట్టుకోవడానికి వచ్చానంది. చెక్కలు పక్కన పేర్చుకుని గోడ దగ్గర కూర్చుంది.

మాస్టరు ఆ పిల్లను చూసి, నా దగ్గరికి వచ్చారు. వరసలో ఎందుకు లేదని అడిగారు. నలభై తొమ్మిదే వచ్చాయన్నాను. రిజిస్టరు చూపించమన్నారు. నాలుగేళ్ళలో అదే మొదటిసారి. ఆయన వేలు డిసెంబరు దగ్గర ఆగింది. ఐదో తేదీ మంగళవారం ఉంది. తొమ్మిదో తేదీ శనివారం ఉంది.

“మధ్యలో శుక్రవారం ఏది?”

“అది పిక్నిక్ కదా మాస్టర్.”

ఆయన రిజిస్టరు మూసి నా చేతికిచ్చారు. “మేడం, మిగతా రోజులు కాళ్ళకూ చేతులకూ నేర్పాను. హ్వరాంగ్ ఎలా నేర్చుకున్నారో అలా నేర్పింది ఆ ఒక్క రోజే.”

నేను నాలుగేళ్ళుగా ఆయన మాటలు పిల్లలకు ఇంగ్లిషులో చెబుతున్నాను. కొండలు, నదులు, పాటలు. ఒక్క మాట పొల్లు పోకుండా చెప్పాను. సరిగ్గా అదే నా కళ్ళ ముందు జరిగినప్పుడు నీళ్ళ సీసాలు లెక్కపెట్టాను.

అయితే ఆ పిల్ల పేరు చేర్చండి అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. “రిజిస్టరు మీకు అప్పగించాను. మీ మాట మీద సంతకం పెట్టాను. ఇప్పుడు ఆ లిస్టు నేనే దిద్దితే పిల్లలు మనిద్దరిలో ఎవర్నీ నమ్మరు. దిద్దితే మీరే దిద్దాలి.” ఆ మాట చెప్పి వెళ్ళి తన చోట నిలబడ్డారు.

పరీక్ష మొదలవడానికి ఏడు నిమిషాలు ఉంది. మంజుల వాళ్ళమ్మ రెండో వరసలో ఉంది. నా లెక్క తప్పదని నేను చెప్పుకున్నది ఆమె ఒక్కతితోనే కాదు; ఆ హాల్లో సగం మంది పిల్లల్ని ఏదో ఒక ఏడు, కింది బెల్టుల పరీక్షలకు, ఒక్క రోజు తక్కువైందని ఆపినదాన్ని. వెనక్కి తగ్గడమంటే నాకు తెలిసిందల్లా ఓడిపోవడమే. ఆ ఏడు నిమిషాల్లో మూడు నిమిషాలు అక్కడే నిలబడ్డాను. అది కూడా రాయాలి.

తర్వాత పెద్దాయన బల్ల దగ్గరికి వెళ్ళి, అందరికీ వినపడేట్టు ఇంగ్లిషులో, మాస్టరు కోసం మళ్ళీ హిందీలో చెప్పాను. లిస్టులో తప్పుంది, తప్పు నాది, డిసెంబరు 8న జరిగిన క్లాసును నేను క్లాసుగా రాయలేదు. మాస్టరు కొరియన్‌లో ఆయనకు చెప్పారు. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. పెద్దాయన రిజిస్టరు తిప్పి చూసి ఏదో అడిగారు. అప్పుడు క్లాసు కానిది ఇప్పుడు క్లాసు ఎలా అయిందని అడుగుతున్నారు, అని మాస్టరు చెప్పారు.

“నాకు తెలియదు” అన్నాను. “నేను ఒడ్డున తలలు లెక్కపెడుతున్నాను. నేర్చుకున్నవాళ్ళను అడగండి.”

మంజులను పిలిచారు. ఆ రోజు ఏం నేర్చుకున్నావని అడిగారు. ఆ పిల్ల చెక్కలు కింద పెట్టి వచ్చి, వంగి నమస్కరించి, ఇంగ్లిషులో నెమ్మదిగా చెప్పింది. “అలకు ఎదురు నిలబడాలని చెప్పారు. పెద్ద అల వచ్చినప్పుడు నేను వెనక్కి జరిగాను. తప్పేమోనని భయపడ్డాను. మాస్టరు, జరగొచ్చు, పక్కవాళ్ళ చెయ్యి మాత్రం వదలకూడదు అన్నారు. నేను వదల్లేదు. అందుకని మిగతా పదమూడు మందీ ఒక అడుగు వెనక్కి వచ్చారు. ఎవరూ పడలేదు.”

నేను హిందీలో అందించిన ఆ మాటలను మాస్టరు కొరియన్‌లోకి మార్చి చెప్పడానికి కొంచెం సేపు పట్టింది. పెద్దాయన కలం తీసి ఐదో పేరు తానే రాశారు. స్పెల్లింగు నన్ను అడిగారు.

ఇరవై తొమ్మిది కదలికల్లో ఎక్కడా తడబడలేదు ఆ పిల్ల. నేను గోడ దగ్గర నిలబడి ఒక్కొక్కటీ లెక్కపెట్టాను. చెక్క మాత్రం మొదటిసారి విరగలేదు. మడమ ఎర్రగా కందింది. చెక్క పట్టుకున్న స్నేహితురాలు ఏదో చెవిలో చెప్పింది, ఇద్దరూ నవ్వుకున్నారు. రెండోసారి విరిగింది. పదకొండు గంటల ఇరవై నిమిషాలకు ఫలితాలు చెప్పారు. ఐదుగురూ పాసయ్యారు.

మంజుల వాళ్ళమ్మ బయట నా దగ్గరికి వచ్చింది. “తప్పింది గదా మేడం లెక్క” అంది నవ్వుతూ.

“తప్పిందమ్మా.”

“మంచిగైంది తియ్యుండ్రి” అని నా చెయ్యి పట్టుకుంది.

ఆ తర్వాత

కొత్త టీచర్లకు నేను చెప్పేది తక్కువే. హాజరు తప్పకుండా వెయ్యండి. తేదీలు రాయండి. రాయని టీచరు చేతిలో పిల్లలకు అన్యాయం జరగడం నేను చాలాసార్లు చూశాను, అందుకే ఆ పని వదులుకోమని చెప్పను. అయితే మీరు రాసేదేమిటో మీకు తెలిసి ఉండాలి. తెలియాలంటే వరసలో నిలబడాలి. పక్కన నిలబడి చూస్తే వచ్చేది సంఖ్య ఒక్కటే.

మాస్టర్ హాన్ గొప్పవాడని నేను అనుకునేది ఆ రోజు నా తప్పు చూపించినందుకు కాదు. అది ఎవరైనా చూపిస్తారు. దిద్దుకునే పని నాకే వదిలినందుకు. తన సంతకం ఉన్న కాగితం మీద, తన గురువు ఎదుట, మాట పడటానికి కూడా సిద్ధపడి వదిలారు. ఆ పురాతన యోధులను నేను చూడలేదు. వాళ్ళ గురించి విన్నదాంట్లో ఎంత నిజమో తెలియదు. ఇలాంటి మనిషిని పద్నాలుగు వందల ఏళ్ళ తర్వాత కూడా తయారుచేయగలిగితే, వాళ్ళ చదువు గట్టి చదువే.

పరీక్ష మర్నాడు శనివారం, మే 11. క్లాసుకు ముందు మాస్టరు దగ్గరికి వెళ్ళి నన్ను కూడా చేర్చుకోమన్నాను. నాలుగేళ్ళు ఆ హాల్లో ఉన్నాను గాని నేను ఏ బెల్టూ కట్టలేదు. నాకు యాభై ఏళ్ళు. ఆయన ఆశ్చర్యపోలేదు, మెచ్చుకోలేదు. యూనిఫాం ఏ సైజో అడిగారు.

మంగళవారం, మే 14న, తెల్ల బెల్టు కట్టుకుని వరసలో అందరికన్నా చివర నిలబడ్డాను. నా ముందు ఏడేళ్ళ పిల్ల, ఆ నెలలోనే చేరింది. మాస్టరు మొదలుపెట్టారు. మూడో గుద్దుకో నాలుగో గుద్దుకో ఆ పిల్ల వెనక్కి తిరిగి, చిన్న గొంతుతో అంది.

“ఆంటీ, మీరు కౌంట్ చెయ్యకండి. మాస్టర్ చేస్తారు.”

నేను నోరు మూసుకుని ఐదో గుద్దు గుద్దాను.